జేబులు

టొలీడోలో, లగ్రాంజ్ వీధి మలుపు దగ్గర
ఆవిరి లాండ్రీలో నలభై మూడేళ్లు
ఊరివాళ్ల జేబులు తడిమింది లియొకాడియా.
"ఒక్క పెన్ను కారిందంటే పది చొక్కాలు నాశనం"
నేను ఇస్త్రీలో చేరిననాడు చెప్పిన మొదటి మాట.
రెండో మాటకు వారం పట్టింది.

ముప్పై రెండులో ఏముంటాయి జేబుల్లో?
చిల్లులు.
గాజు కొలిమి చల్లారిన ఏడు
ఒకడి కోటు లోపల, రుమాల్లో చుట్టి,
సగం కొరికిన రొట్టె.
రాయిలా ఎండినా పారెయ్యలేదట,
కోటుతో పాటే కాగితంలో కట్టి ఇచ్చిందట.

యుద్ధమప్పుడు
మాంసానికి ఎర్ర బిళ్లలు, డబ్బాకూరలకు నీలం బిళ్లలు,
జీపులు బిగించే ఆడవాళ్ల ప్యాంట్లలో
ఇనుప రజను, అరిగిన లిప్‌స్టిక్.
"ఆడవాళ్ల బట్టలకు నిజం జేబులు
అప్పుడే చూశాను" అని నవ్వేది.
టెలిగ్రాములు మాత్రం మడత విప్పేది కాదు.
బరువు తెలుస్తుందట చేతికి.

నేను మిసిసిపీ నుంచి రైలు దిగినదాన్ని.
ముందు కౌంటర్లో నా మొహం కనపడకూడదు,
వెనక ఆవిరిలో ఎవరికీ అభ్యంతరం లేదు.
ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
పదకొండేళ్లు ఒకే బల్ల మీద
చెరో చివర అన్నం తిన్నాం.

అరవై ఏడు, ఆగస్టు.
మా తమ్ముడు డ్యువిట్ ప్యాంటు
నేనే మూటలో వేసి తెచ్చాను.
వాడు ఇంట్లో చెప్పని కాగితం
ముందు ఆమె చేతికి తగిలింది.
వచ్చి, నా ఏప్రన్ జేబులో పెట్టి,
ఇస్త్రీపెట్టె నా చేతిలోంచి తీసుకుంది.
పొద్దు గూకేదాకా నా వాటా చొక్కాలన్నీ తనే చేసింది.
కాలర్లు సరిగా రాలేదు. ఎవరూ అడగలేదు.

తర్వాత ఇస్త్రీ అక్కర్లేని గుడ్డ వచ్చింది,
ఇంటింటికీ మిషను వచ్చింది.
డెబ్బై నాలుగులో, ఆఖరి రోజు,
తన ఏప్రన్ విప్పి నా మీదికి విసిరింది, ఉతకమని.
అలవాటుగా తడిమాను.

ఒక ఇంటి తాళంచెవి.
"ముప్పై మూడు నాటిది. ఇల్లు బ్యాంకువాళ్లు పట్టుకున్నారు.
తాళంచెవి అడగడానికి మాత్రం ఎవరూ రాలేదు."
ఎవరి ఇల్లు, ఏ వీధి? చెప్పలేదు.
లైటు ఆర్పి, కోటు తొడుక్కుని,
బస్సుకు చిల్లర వెతుక్కుంటూ వెళ్లిపోయింది.