ఆకుపచ్చ కోటు

సబ్బుబిళ్ళంత కెమెరా.
సండర్లండ్ స్టేషన్ వెనక పాత సామాన్ల కొట్లో
నలభై పౌండ్లకి కొన్నాను.
తెర మీద ఎవరిదో గోటి గీత,
లోపల ఎవరో చెరపడం మరిచిన కుక్క ఫొటో ఒకటి.
దాన్ని నేనూ చెరపలేదు.

ఆస్పత్రిలో రోజంతా ఎక్స్‌రేలు తీస్తాను.
పక్కటెముకలు, చీలమండలు,
ఊపిరి బిగబట్టండి, ఇక వదలండి.
డ్యూటీ దిగాక కూడా నలుపు తెలుపేనా అని
నవ్వుతుంది రిసెప్షన్‌లో ఇమెల్డా.
ఏం చెప్పను?
అక్కడ వెలుతురు మనిషిలోంచి దూరిపోతుంది.
ఇక్కడ మనిషిని తాకి వెనక్కొస్తుంది.

నవంబరు ఆదివారం, రోకర్ పీర్.
మూడున్నరకే పొద్దు వాలిపోతోంది.
సముద్రం కుడితి, ఆకాశం బియ్యం కడిగిన నీళ్ళు,
మధ్యన గీత గీయడం ఎవరో మరిచిపోయారు.
ఇలాంటి రోజు కెమెరాకి ఏమీ తోచదు,
అన్నిటినీ సగం బూడిద చేసి చేతులు దులుపుకుంటుంది.
అందుకే వెలుగుని ఒక మెట్టు దించుతాను,
నల్లటివాటిని నల్లగా ఉండనిస్తాను.

చివర, దీపస్తంభం దగ్గర, గాలం వేసుకుని
నార్మన్ టులిప్. డెబ్బై ఎనిమిదేళ్ళు.
"ఫొటో తీసుకోనా?"
"తీసుకో. నాకంటే నువ్వే నయం,
అడిగి మరీ పడుతున్నావ్."

తెర చూపించాను.
"నలుపు తెలుపు! ఈ ఊళ్ళో!"
దగ్గొచ్చేదాకా నవ్వాడు.
ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టుకి ఎరుపు తెలుపు చారలు.
నలుపు తెలుపు, పన్నెండు మైళ్ళవతల న్యూకాసిల్ వాళ్ళవి,
ఆయన పుట్టిన ఊరు.
పెళ్ళి చేసుకుని ఇటొచ్చి యాభై ఏళ్ళయినా
జట్టు మాత్రం మార్చలేదట.
"మా డోరీన్ పోయేదాకా పోరింది. వింటేనా!"

తర్వాత చెప్పాడు, కొక్కేనికి పురుగు గుచ్చుతూ,
తనకి ఎరుపూ ఆకుపచ్చా ఒకటేనని.
రైల్వేలో ఉద్యోగం అందుకే రాలేదని.
"బట్టలన్నీ డోరీనే కొనేది. ఈ కోటు కూడా.
మంచి ఆకుపచ్చ, అంది. ఇరవై చలికాలాలు చూసిందిది.
బావుందా?"

కోటు కేసి చూశాను.
చాలా బావుంది, అన్నాను.

రాత్రి వంటింటి బల్ల మీద, ఉల్లిపాయల పక్కన లాప్‌టాప్.
పైకి నలుపు తెలుపు చూపించినా
ఈ కెమెరా అడుగున రంగులన్నీ దాచే ఉంచుతుంది.
ఏ రంగు ఎంత బూడిద కావాలో నేనే తేల్చాలి,
ఒక్కో రంగుకీ ఒక్కో స్లైడర్.
ముందు ఎరుపు జరిపాను.
దీపస్తంభం మీది ఎర్ర పట్టీలు మెల్లగా పాలిపోయి
స్తంభమంతా సున్నం కొట్టినట్టయింది.
వెనక్కి లాగితే కాటుక చారలు.
దాంతోపాటే, ఒకే కాడికి కట్టినట్టు,
కోటూ తెల్లబడింది, కోటూ నల్లబడింది.
ఆకుపచ్చని ఆ కొస నుంచి ఈ కొసకి లాగాను.
రాళ్ళ మీది నాచు కదిలింది.
కోటు ఉలకలేదు, పలకలేదు.

పీర్ మీదే చూశాను కళ్ళారా. నవ్వు మాత్రం ఇప్పుడొచ్చింది.
నిగనిగలాడే ఎరుపు, లోపల తెల్ల అస్తరు.
ఇరవై చలికాలాలు ఆయన్ని
శత్రువుల రంగులో నిలబెట్టింది డోరీన్,
ఊరంతా చూస్తుండగా.
దారిన పోయేవాళ్ళంతా అంత ఇష్టంగా చెయ్యూపింది ఇందుకా!
ఒక్కరైనా చెప్పలేదే.

లేక, తెలుసా ఆయనకి?
"బావుందా" అన్నప్పుడు
ఆ కళ్ళు నా మొహం మీద ఒక్క క్షణం ఎక్కువ ఆగాయి.
చూద్దామని ఫొటో పెద్దది చేశాను, ఇంకా పెద్దది.
కనుగుడ్లు రెండూ ఇసకరేణువుల్లా విడిపోయాయి.
చిన్న కెమెరా, చిన్న సెన్సర్, మసకపడ్డ వేళ.
అంతకుమించి చెప్పదు.

ఎరుపుని జరుపుతూ జరుపుతూ ఆపాను,
నాచు ఏ బూడిదో కోటూ ఆ బూడిద అయినచోట.
తర్వాత ఒక్క వెంట్రుకవాసి వెనక్కి.

ప్రింటర్ మొరాయించింది:
ఎర్ర ఇంకు అయిపోయింది, అచ్చు వెయ్యను.
నలుపు తెలుపు బొమ్మేగా, నీకు ఎరుపుతో ఏం పని
అని దాన్ని తిట్టాను.
రేపు డ్యూటీ నుంచి వస్తూ కొనాలి.