సబ్బుబిళ్ళ

"గ్యాంగు అని రాసుకోకండర్రా,
ఇక్కడ బ్యాచ్ అంటారు" అని మొదలెట్టారు
రిటైరైన హెడ్ వార్డరు పోలయ్య గారు.

రాజమండ్రిలో మూడ్రోజుల శిక్షణ.
తెర మీద పచ్చబొట్లు, చేతి సైగలు,
బుగ్గలో బ్లేడు దాచే తీరు.
నలభైమందిమి, ఉక్కపోతకి
చొక్కాలు వీపులకి అతుక్కుపోయి.

ఆయన తెర ఆపించేశారు.
"కొత్తగా వచ్చిన కుర్రాడికి
మొదటి రాత్రి సబ్బు ఎవడిస్తాడో చూడండి.
వాడి అమ్మతో ఫోను ఎవడు మాట్లాడిస్తాడో.
లాఠీ సంగతి తర్వాత."

ఎవరో నవ్వారు. నేనూ నవ్వాను.

నెల తిరిగేసరికి తణుకు సబ్‌జైల్లో నైట్ డ్యూటీ.
కాలవ వంతెన కాడ కొట్లాటలో దొరికాడట,
వీరమణికంఠ, పందొమ్మిదేళ్ళు.
సాయంత్రం తెచ్చినప్పుడు
ఒంటినిండా చేపల మేత వాసన.

కొట్టు కట్టేసేలోగా పరిగెత్తి
పది రూపాయల సబ్బు కొన్నాను,
దొంగసొత్తులా జేబులో దాచుకున్నాను.
ఊచల్లోంచి చెయ్యి చాపితే
వాడు తడిజుట్టు దులుపుకుంటూ
"ఇచ్చేశారండి" అన్నాడు, ఎంతో మర్యాదగా.

ఎవర్రా అన్నాను.

కొత్త తువ్వాలు
భుజం మీద సర్దుకున్నాడు.