బయటి సప్పుడు

కొత్తవాడల మా వెనుక గది గోడలకు
ఎనిమిది జంఖానాలు మేకులేసి కొట్టిండు
మా తమ్ముని కొడుకు వినీల్.
వాపస్ వచ్చిన మాలు. ఎర్రంచుయి.
"బయటి సప్పుడు లోపటికి రావద్దు పెదనాయినా" అన్నడు.
కొట్టుకో బిడ్డా అన్న.
బయటి సప్పుడంటే నేనేనని
తెల్లారి తెలిసింది.

వాండ్లు రికార్డింగు వెడితే నేను మగ్గం ఆపాలె.
గుంటల కాళ్లు వెట్టుకొని
నాడె ఒళ్లె వెట్టుకొని కూసునేది,
కరెంటు పోయిన సినిమా హాలు లెక్క.
మండిబజార్ కెల్లి ఇమ్రోజ్ వస్తడు.
వాని ల్యాప్‌టాప్‌ల ఒక బటన్ ఊడింది,
పెన్సిలు తోకతోని పొడుస్తడు.
లోపట వీడు మొదలువెడితే
పాటనా అంటే పాట గాదు, లొల్లినా అంటే లొల్లి గాదు.
పోచమ్మకాడ శిగమూగే ఆమె సుత
నడుమ ఊపిరి తీసుకుంటది.
వీడు తీసుకోడు.

మొన్న శుక్రారం రాత్రి ఆల్బమ్ ఎక్కిచ్చిండ్రు.
తొమ్మిది పాటలు. పేరు 'కండె'.
కాశిబుగ్గ చాయ్ హోటల్ల
ఫోను స్టీలు గిలాసల నిలవెట్టి ఇనిపిచ్చిండు.
ఒకదాంట్ల అండర్‌బ్రిడ్జి కింద మోకాలి మట్టు నీళ్లు.
ఒకదాంట్ల ఎనుమాముల మార్కెట్ల తేమ పేరు మీద
పత్తి ధర కోసినోన్ని తిట్టిండు,
వాడెవడో నాకెరికే, చెప్ప.

అయిదోది సురువైంది.
బల్ల కింద నా కాళ్లు కదిలినయ్.
టక్. టకటక్. టక్... కిర్ర్.
డప్పు గాదది. నా మగ్గం.
ఎప్పుడు పట్టిండో దొంగ నా కొడుకు!
ఎడమ తొక్కుడు చెక్క కిర్రుమంటది,
సరిజేద్దాం సరిజేద్దామని
ముప్పయ్యేండ్ల సంది వదిలేసిన కిర్రు,
అండ్ల తాళమై కూసున్నది.
ఇంకోటి. రెండు చరణాల నడుమ
ఎవరో ముసలోడు దగ్గిండు.
"కోసెయ్యకపోతివి రా?"
"అదొక్కటే కరెక్టుగ బీట్ మీద పడ్డది చాచా"
అన్నడు ఇమ్రోజ్, నవ్వకుంట.

వారానికి నాలుగొందల పన్నెండు మంది ఇన్నరట.
తక్కువని మొఖం ముడుచుకున్నడు పోరడు.
నేను నేసిన జంఖానాల మీద
ఎన్ని పెండ్లిండ్లల్ల ఎందరు కూసున్నరో,
ఎందరు కూర ఒలకవోసిండ్రో
ఒక్కరు సుత లెక్క చెప్పలే నాకు.
ఆ ముచ్చట వానికి చెప్పలే.
చాయ్ పైసలు నేనే ఇచ్చిన.

పొద్దుగాల నూనె డబ్బ పట్టుకొని
మగ్గం గుంటల దిగుతాంటే
గదిలకెల్లి ఒర్రిండు:
"పెదనాయినా, ఆగు, ఆగు!
ఆ కిర్రుకు నూనె పొయ్యకు."