ఎడమకు తిప్పితే

ఎడమకు తిప్పితే టక్కు టక్కు.
సీదా పోతే సప్పుడే లేదు.
నాంపల్లి మలుపులకాడ మూడు నెల్లు
రేడియో పెంచుకొని
ఇననట్టె నడిపిన.

మర్రిగూడ షెడ్డుల జాంగీరు
బండి ముట్టనే ముట్టలే.
"మిల్లు జాగల గుండ్రంగ తిప్పు" అని
పాత టైరు మీద కూసొని కండ్లు మూసుకుండు.

"యాక్సిల్ జాయింటు. బూటు చినిగింది.
గ్రీజంత బయట, దుమ్మంత లోపట.
మొదాలు సప్పుడైననాడే వస్తే
రెండొందలల్ల పోయేది."

పోరగాడు కింద పండి ఇప్పిండు.
కొత్త జాయింటు, నల్లటి గ్రీజు, రెండు క్లిప్పులు.
మళ్ల తిప్పిన.
ఏం లేదు.

పైసలకు జాంగీరు లేస్తుంటె
అదే టక్కు.
గబుక్కున చక్రం దిక్కు చూసిన.
"అది కాదన్నా, నా మోకాలు" అని నవ్విండు,
ఎనకటి బోరునీళ్ల గార పండ్లతోటి.