పదిహేనో బిట్టు

పన్నెండున్నరకి గంట కొట్టారు.
కోటవీధి బడి గేటు మమ్మల్ని
ఒక్క ఊపున ఎండలోకి నెట్టేసింది.
అట్టకి క్లిప్పు, క్లిప్పుకి హాల్ టికెట్టు,
మధ్యవేలికి కాయ కాసినంత నొప్పి.
రాష్ట్రమంతటికీ ఒకటే పేపరు.
అనంతపురంలో చెమట తుడుచుకున్నవాడికీ అదే, మాకూ అదే.

ముంతమసాలా బండి చుట్టూ ఐదుగురం.
ఆదెమ్మ ప్రశ్నపత్రం పరిచి
ఉల్లిపాయల గిన్నె బరువు పెట్టింది
హార్బరు గాలికి ఎగరకుండా.

"మొదటిది గుణసంధే కదేటి?"
"గుణసంధే."
"రెండోది విద్యాలయం. సవర్ణదీర్ఘం.
సంటిపిల్లలకీ తెలుస్తాది."
పోలిరాజు మాట్లాడలేదు.
యణాదేశం పెట్టాడట.
తాత నిమ్మకాయ పిండుతున్నాడు,
గింజ ఒక్కటి కూడా జారనివ్వకుండా.

పద్యపాదం దగ్గర తబస్సుం
బండి అంచు మీద వేళ్ళతో కొట్టి చూపించింది
భ ర న భ భ ర వ
ఉత్పలమాలే, ఒట్టు, ఉత్పలమాలే.
అంతలో రేవులోంచి ఓడ కూత.
"గురువు" అన్నాను నేను.
"రెండు మాత్రలు దాటేసింది, ప్లుతం" అంది ఆదెమ్మ.
కూత ఆగేదాకా నవ్వాం.

అప్పుడొచ్చింది పదిహేనోది.

*............ నిన్న తోటకు వెళ్ళాము.*
ఖాళీలో తగిన సర్వనామం.
నేను, మేము, మనము, వారు.
నాలుగు సున్నాలు. ఒక్కటి నింపాలి.

"మేము."
"మనము."
"ఎవుడితో సెప్తన్నాడో సూడాల.
తోటకి రానోడితోనైతే మేము,
వచ్చినోడితోనైతే మనం."
"వచ్చినోడికి మళ్ళీ చెప్పడమేటి, ఆడికి తెలీదా?"
"గుర్తు చేస్తన్నాడు."
"నిన్నటిది ఇవాళే మర్చిపోతాడేటి?"
"ప్రశ్నలో రెండో మనిషి లేడు."
"మాట అన్నాక వినేవాడుండడా?"
క్రియ మాత్రం ఎవరి పక్షమూ పట్టలేదు.
వెళ్ళాము, వెళ్ళాము అంటూ
ఇద్దరికీ ఒకేలా తల ఊపింది.

సుకాంతి మరమరాలు ఒక్కొక్కటే ఏరుకుంటోంది.
గంజాం నుంచి వచ్చారు వాళ్ళు,
వాళ్ళ నాన్నది ఓడల తుప్పు గీకే పని.
ఆరో తరగతిలో చేరిన కొత్తలో
"ఆమె అన్నం తిన్నాం" అంది ఒకరోజు.
క్లాసంతా పగలబడింది.
"ఎవర్తే ఆ ఆమె?" అని
వారం రోజులు ఏడిపించాం.
వాళ్ళింట్లో ఆమె అంటే మేము.
ఆమె అంటే మనమూనట.
వినేవాణ్ణి గుమ్మం బయట నిలబెట్టడానికి
ఆ భాషలో వేరే మాట లేదు.

ఏడిపించాం అన్నాను కదా,
అక్కడ మేము అనే పెట్టాలి.
అందులో సందేహం లేదు, మార్కు పోదు.
పేపర్లో నేను నింపిందీ అదే. పైకి చెప్పలేదు.

"నువ్వేం పెట్టావే సుకాంతీ?"
"రెండూ నింపాను."
రెండు సున్నాలు నింపితే మిషను ఒప్పుకోదు.
హాల్ టికెట్టు వెనకే అచ్చేశారు.
"తెలిసి తెలిసి ఎందుకే?"
"మేము పెడితే నువ్వు రానట్టు.
మనం పెడితే అబద్ధం,
ఏ తోటకీ వెళ్ళలేదు కదా."
అని పచ్చిమిరపకాయ పక్కకి తీసి పెట్టింది.

ఎవరికీ జవాబు దొరకలేదు.
తబస్సుం నోరు తెరిచి మళ్ళీ మూసింది.

"యాభై అయ్యింది. ఎవలిస్తారు?" అన్నాడు తాత.
"మేం ఇస్తాం తాతా" అన్నాడు పోలిరాజు అటు తిరిగి.
ఇటు తిరిగి, "మనం తలా పది."
అదే నోరు, అదే ఐదుగురం.
ఎక్కడా తడుముకోలేదు వాడు.
యణాదేశం పెట్టినవాడు.

సుకాంతి చిల్లర లెక్కపెట్టి నా అరచేతిలో పోసింది.
తొమ్మిది.
ఆ రూపాయి గురించి ఎవరం మాట్లాడలేదు.
ఆదెమ్మ గిన్నె జరిపి
కాగితం మీది ఉల్లితడి లంగా అంచుకి అద్దింది.
"పదహారోది?"