నంబరు రేకు కింద

కావలి ట్రంకురోడ్డు, దస్తగిరి షెడ్డు.
అరవై మూడు మోడల్ అంబాసిడర్
ఇంజను దించి పాత టైరు మీద పెట్టాడు.

నూనె, మసి, మూడు తరాల గ్రీజు.
అసలు రంగేందో ఎవరికీ తెలీదు.
పచ్చన్నాడు టైర్ల పెంచలయ్య,
నీలమన్నాను నేను.
దస్తగిరి ఏమీ అనలా.
నంబరు రేకు రివెట్లు నాలుగూ ఊడదీసి
కిరసనాయిలు గుడ్డతో ఒక్కసారి తుడిచాడు.

గోరంత.
మబ్బేసిన మధ్యాన్నం
తుమ్మలపెంట సముద్రం ఉంటుందే, అది.

కలపడానికి వారం పట్టింది.
నెల్లూరు నుంచి తెచ్చిన డబ్బాలు మూడు,
చిటికెడు నలుపు, అర చెంచా పసుపు.
రేకుముక్కకి పూసి, స్టవ్ మంట మీద కాల్చి,
చల్లారాక గోటితో గీకి,
"తడి రంగు మాట నమ్మబాక సామీ,
ఎండితే ఒకటి చెప్పుద్ది, కాగితే ఇంకోటి."
ఆరు రేకులు పొక్కులెత్తాయి.
ఏడోది పెట్రోలు పోసి రుద్దినా కదల్లా.

"బానెట్ కింద ఎవరు చూస్తారు భాయ్?" అన్నాను,
డబ్బుల లెక్క గుర్తొచ్చి.
బ్రష్ ఆపకుండానే నవ్వాడు.

ఇంజనంతా పూశాడు.
ఆ గోరంత మీద మాత్రం
ముందే టేపు అంటించి ఉంచాడు.
సాయంత్రం టేపు పీకి, రేకు బిగిస్తా అన్నాడు:
"రేపెవడో ఊడదీస్తాడు గదా,
వాడికి."