బల్ల మూల

త్స్‌కల్టుబోలో పాత స్నానశాల.
గుండ్రటి కొలను ఎండిపోయి ముప్పై ఏళ్ళు.
పెచ్చులూడిన నీలి పలకల మీద
నాలుగు ప్రొజెక్టర్లు, పదహారు స్పీకర్లు,
ఎంత తుడిచినా పోని గంధకం వాసన.
తీగలు పరచడం, చప్పుళ్ళు పట్టడం నా పని.

త్సియాలాకి అరవై మూడు.
నాట్యం నేర్చిన మనిషి కాదు, కోట్లు కుట్టేది.
యుద్ధంలో సుఖుమి వదిలి వచ్చి
ఈ ఆవరణలోనే, పై అంతస్తు గదిలో,
దుప్పటి అడ్డం కట్టుకుని
ఇరవై రెండేళ్ళు కాపురం చేసింది.

పక్కటెముకల మీద ఒక మైకు అతికించాను,
మెడ కింద ఒకటి,
కుడి మోకాలి చిప్పకి ఇంకొకటి.
"చల్లగా ఉందిరా, చేపపిల్లని అతికించావా?" అంది.

జనం బూట్లు విప్పి కొలనులోకి దిగారు.
దీపాలు ఆరాయి.
ఆమె గుండె మా అరికాళ్ళ కింద కొట్టుకుంది.
ఊపిరి పీలిస్తే గోడలు వెడల్పయ్యాయి,
వదిలితే మా మీదికి ఒదిగాయి.
వీపు మీద వెలుగు గీతలతో ఇల్లు లేచింది.
వెన్ను వెంట దూలం,
ఎముకకో వాసం,
భుజాల దగ్గర చెరో కిటికీ.
బదురి, మా దర్శకుడు, బెర్లిన్‌లో చదివినవాడు,
మిగిలిన ఒక్క ఫోటో ముందు పెట్టుకుని
అంగుళం తేడా రాకుండా గీయించాడు.

"వంటిల్లు" అని గొంతు వినిపించగానే
ఆమె ఏడవాలి. కాగితంలో అలా ఉంది.

ఏడవలేదు.
నడిచింది.
ఐదడుగులు మామూలుగా. ఆరో అడుగున
నడుము ఎడమకి తిప్పి, బెత్తెడంటే బెత్తెడు,
దేన్నో తప్పుకుంది.
వెలుగుతో గీసిన బల్ల అక్కడ లేదు,
మూరెడు అవతల ఉంది,
దాని నడిమధ్య నుంచి నడిచిపోయింది.
తిరిగి వచ్చింది. మళ్ళీ అక్కడే
తుంటి దానంతటది పక్కకి జరిగింది.

"బల్ల తప్పు పెట్టారు," అంది చీకట్లోకి.
"మూల ఇక్కడుండేది. పెళ్ళైన కొత్తలో రోజూ తగిలేది.
తుంటి మీద నల్లద్రాక్ష రంగు మచ్చ చూసి
మా అత్తగారు వాళ్ళబ్బాయిని నాలుగు తిట్టింది,
పాపం."

ఎవరో నవ్వారు. తనూ నవ్వింది.
ఆ నవ్వుకి గోడ మీద ఇంటికప్పు
పెంకు పెంకునా అదిరింది.

గడప ఎంత ఎత్తో పిక్క మీద చేత్తో చూపించింది.
వానాకాలం ఉబ్బిపోయే తలుపుని
కుడి భుజంతో ఒక్కటి పొడిచింది.
అప్పుడే పదహారు స్పీకర్లలోనూ కిర్రుమంది.
"కంగారు పడకండి,
అది తలుపు కాదు, నా మోకాలు."

నా చెవిలో బదురి గుసగుస:
బల్ల జరపమంటావా?
ఏం చెప్పాలో తోచలేదు. ఈలోగా ఆమె
పక్కగదిలోకి వెళ్ళిపోయింది.

ఆట ముగిసి దీపాలన్నీ వెలిగాక
జనం బూట్లు వెతుక్కుంటూ కొలను దాటారు.
పసుపు మేజోళ్ళ పిల్ల ఒకతి
సరిగ్గా ఆ చోట నడుము తిప్పింది.
వెనకాల వాళ్ళ తాత.
ఆయన వెనక ఒకావిడ
చేతిసంచీ కూడా కాస్త పైకెత్తి పట్టుకుని.
ఎవరూ ఎవరికీ చెప్పలేదు.

రాత్రి రెండింటికి
తీగల చుట్ట భుజాన వేసుకుని
వ్యాను దగ్గరికి అడ్డంగా పోబోయాను.
ఖాళీ పలకలు. నిండా వెలుతురు.
ఆగి,
చుట్టు తిరిగి వెళ్ళాను.